ఇద్దరి నేమం

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ మొండివాణ్ణి కట్టుకున్న ఆడదాని గతి ఏమిటో మాత్రం ఏ పెద్దమనిషీ చెప్పి పోలేదు. కౌసల్యమ్మను అడిగి ఉంటే చెప్పేది. పొద్దున లేచింది మొదలు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరగడమే ఆమె గతి.

ఆమె భర్త పాండురంగం తాండూరు గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, కందుల వ్యాపారి. పోలీసు యాక్షన్ జరిగి పదేళ్లు కావస్తున్న రోజులవి. బస్తాల మధ్య గద్దె మీద కూర్చుని బేరాలాడడం తప్ప ఒంటికి మరో పని తెలియని మనిషి. నలభై దాటాయి, బొజ్జ ముందు నడిస్తే తాను వెనక నడుస్తాడు. అలాంటివాడు ఒకనాడు సైకిలు కొనుక్కొచ్చి వాకిట్లో నిలబెట్టి, ఆషాఢ ఏకాదశికి పండరిపురం దాకా దీని మీదే పోతున్నానన్నాడు. దారిలో ఎక్కడ పొద్దుగూకితే అక్కడ పొలం గట్టున గుడారం వేసుకుంటాడట. వంట కూడా తానే చేసుకుంటాడట.

గంజ్ గంజంతా నవ్వింది. రైలుండగా ఇదేం పిచ్చి సావుకారీ అని హమాలీలు సైతం అడిగారు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. నా కాళ్ల మీద నీ దగ్గరికి వస్తానని విఠలుడికి మొక్కుకున్నాడు. నడిచిపోయి రావాలంటే దుకాణం నెలకు పైగా మూతపడుతుంది. సైకిలు తొక్కేది కూడా కాళ్లతోనే కదా, మొక్కూ దక్కుతుంది, దుకాణమూ దక్కుతుంది. వ్యాపారి బుర్ర, దేవుడితోనైనా బేరమాడక ఊరుకోదు మరి.

కౌసల్యమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మొక్కు ఎట్లాంటి రోజున పుట్టిందో ఆమె కళ్లారా చూసింది. కిందటి ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం లారీకి బస్తాలెత్తిస్తూ ఉన్నట్టుండి ఎటో నడిచిపోయి పాండురంగం నిలువునా కూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు, నోట పిచ్చిమాటలు. వడదెబ్బ. ఆ గండం ఎట్లా గడిచిందో దేవుడికే తెలియాలి. లేచి కూర్చున్నాక డాక్టరు సాబు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు, ఒకసారి ఎండ తగిలిన ఒంటికి మళ్లీ తొందరగా తగులుతుందని. ఎండలో నీళ్లు లేకుండా ఉంచవద్దన్నాడు. ఈసారి వస్తే నా చేతిలో ఉండదన్నాడు. ఆ ఆఖరి మాట ఆమె చెవిలో అట్లాగే ఉండిపోయింది.

ఒంట్లో కాస్త కుదుటపడగానే మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కలిసి, ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉంటామని తులసిమాల వేయించుకున్నారు. కౌసల్యమ్మ పుట్టిల్లు సేడం. ఇంటిల్లిపాదీ పండరి భక్తులు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఒక్క ఏకాదశి తప్పలేదు. పురిటిలో ఉన్నప్పుడు కూడా తప్పలేదని పేరు. ఇద్దరికీ కొంగుముడి వేసి, మెడల్లో మాల వేస్తూ భజన పెద్ద చెప్పిన మాట ఒకటే. "జంటగ పట్టిన్రు. ఇద్దరిది ఒకటే నేమం. ఒకరు తప్పితే ఇద్దరు తప్పినట్టే." ఇద్దరూ తలలూపారు. ఆ రోజు అది ఆమెకు ఎంతో చల్లని మాటగా తోచింది.

ఇక సైకిలు వచ్చాక పాండురంగం కసరత్తు మొదలైంది. కోడి కూయకముందే లేచి దండీలు, గుంజీలు. మొదట్లో నాలుగు తీసేసరికి ఇంజను కూతలు కూసేవాడు. తర్వాత కాగ్నా నది ఒడ్డు దాకా ఖాళీ సైకిలు. అది అలవాటయ్యాక వెనక క్యారియర్ మీద అరబస్తా కందులు కట్టుకుని పెద్దేముల్ దాకా. రాత్రిళ్లు పరుపు మాని వాకిట్లో నాపరాయి బండ మీద గోనెపట్టా పరుచుకుని పడుకున్నాడు, గుడారానికి ఒళ్లు అలవాటు పడాలని. బస్తాల మీద కప్పే టార్పాలిన్ కోసి గుడారం కుట్టించాడు. పంక్చరు వేయడం నేర్చుకున్నాడు. రొట్టె చేయడం కూడా నేర్చుకున్నాడు గానీ, ఆ మొదటి జొన్నరొట్టె సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఇంటి ఆవు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంది.

బొజ్జ తగ్గింది. పిక్కలు గట్టిపడ్డాయి. ఊళ్లో నవ్వినవాళ్లే మెచ్చుకున్నారు. వెంకటేశ్వర్ అని పక్క దుకాణం బట్టల వ్యాపారి, ఇంకో ఇద్దరు భజన మిత్రులు కూడా సైకిళ్లు బాగుచేయించుకుని నేనూ వస్తానంటే నేనూ వస్తానన్నారు. అందరికీ సంబరమే. కౌసల్యమ్మకే ఆయన గడప దాటిన క్షణం నుంచి సైకిలు గంట మళ్లీ వినబడేదాకా అన్నం ముద్ద దిగేది కాదు. ఒక పక్క పొయ్యి మీద పప్పు మాడుతున్నా చెవులు వీధిలోనే ఉండేవి. నీళ్ల సీసా సంచిలో పెట్టానా లేదా అని వీధి మలుపు దాకా పరుగెత్తి చూసి వచ్చిన రోజులున్నాయి. ఆయన విసుక్కునేవాడు. కీడెంచి మేలెంచమన్నారు, నువ్వు కీడెంచి అక్కడే ఆగిపోతావు అనేవాడు.

ఆఖరి పరీక్షగా సామానంతా కట్టుకుని తాండూరు నుంచి వికారాబాద్ దాకా పోయి, అనంతగిరి గుట్ట కింద ఒక రాత్రి గుడారంలో గడిపి రావాలని నలుగురూ అనుకున్నారు. జ్యేష్ఠ మాసం. మృగశిర వచ్చినా వాన జాడ లేదు. రోహిణి ఎండలే ఇంకా కాస్తున్నాయి. అనుకున్న రోజు దగ్గరపడ్డాక చూసుకుంటే అది నిర్జల ఏకాదశి. ఆ రోజు మాల వేసినవాళ్లు అన్నమే కాదు, మరునాడు ద్వాదశి పొద్దు పొడిచేదాకా చుక్క నీరు కూడా ముట్టరు. మిగతా ముగ్గురూ బుద్ధిగా ప్రయాణం వాయిదా వేసుకున్నారు. పాండురంగం వేసుకోలేదు.

ఆయన వాదం ఆయనది. పండరి చేరేది కూడా ఏకాదశి నాడే. ఆనాడు ఉపవాసంతోనే సైకిలు తొక్కాలి. ఒళ్లు తట్టుకుంటుందో లేదో ఇప్పుడే చూసుకోవద్దా? కౌసల్యమ్మ బతిమిలాడింది, ఏడ్చింది, డాక్టరు మాట గుర్తుచేసింది. ఆ ఏకాదశికి నీళ్లు తాగొచ్చు కదా, ఇది వేరు కదా అని కూడా చెప్పింది. ఆయన సైకిలు చైనుకు నూనె వేసుకుంటూ కూర్చున్నాడు. ఎందుకింత పట్టుదలో ఆమెకు అప్పుడు అంతుపట్టలేదు. మొండితనమనే అనుకుంది.

చేసేది లేక, తాను కూడా రైల్లో వికారాబాద్ వస్తానంది. అక్కడ ఆమె అక్క ఇందిరమ్మ ఇల్లుంది. మరునాడు పొద్దున్నే ఇద్దరికీ ఉపవాసం విడిచే పారణ అక్కడే అని చెప్పింది. అసలు సంగతి అది కాదు. ఆయన చేరేచోట తాను ఉండాలి, అంతే.

దశమి నాడు పొద్దుగూకినప్పటి నుంచీ ఇద్దరూ నీళ్లు మానేశారు. ఏకాదశి నాడు చుక్కలుండగానే పాండురంగం బయలుదేరాడు. ఎండ ముదరకముందే గుట్ట ఎక్కేస్తానన్నాడు. పొద్దెక్కాక కౌసల్యమ్మ ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ధారూరు స్టేషను దాటేదాకా ఆమె మనసు కాస్త నిమ్మళంగానే ఉంది. ఈపాటికి అక్క ఇంట్లో అరుగు మీద కాళ్లు చాపుకుని ఉంటాడని తనకు తానే చెప్పుకుంది. అక్కడ సడక్ కొంతసేపు పట్టాల పక్కనే సాగుతుంది. కిటికీలోంచి చూస్తోంది. సడక్ మీది ఒక మోరీ గోడ మీద ఎవరో మనిషి తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన సైకిలు. సైకిలు వెనక ఆకుపచ్చ టార్పాలిన్ మూట.

ఆమె గొంతెత్తి పిలిచింది. ఏం పిలిచిందో ఆమెకే తెలియదు. ఆ మనిషి తల ఎత్తలేదు. రైలు మలుపు తిరిగింది, సడక్ చెట్ల వెనక్కి పోయింది.

ఏమైందమ్మా అని రైలు డబ్బాలో ఎవరో అడిగారు.  గొలుసు లాగాలని తోచేసరికి ఎంతో దూరం వచ్చేసింది. అంత ఆలస్యంగా ఆయన అక్కడెందుకున్నాడు? తొక్కకుండా ఎందుకు కూర్చున్నాడు? నెత్తిన తుండుగుడ్డ అయినా ఉందా? ఎంత గుర్తు చేసుకున్నా తుండుగుడ్డ కనబడలేదు.  అయ్యో, నేనే పంపించాను, సైకిలు టైర్లలో మేకు గుచ్చి అయినా ఆపలేకపోయాను అని తనను తాను తిట్టుకుంది. రైలు ఎంత నడిచినా వికారాబాద్ రాదే.

వచ్చింది. దిగీ దిగగానే అక్క ఇంటి వైపు చూడనైనా చూడలేదు. స్టేషను బయట వేపచెట్టు కింద ఏసుదాసు టాంగా ఉంది. ఇందిరమ్మ ఇంటికి వచ్చేపోయే చుట్టాలందరినీ మోసే పాత మనిషే. గుట్ట దిగి ధారూరు వైపు పోవాలని ఆమె అంటే, ఈ ఎండలో గుర్రం నిలబడదమ్మా, చల్లబడ్డాక పోదామన్నాడు. ఆమె విషయం చెప్పింది. ఏసుదాసు గుర్రానికి కుడితి తొట్టిలో నీళ్లు తాగించి, ఇంకో కుండెడు దాని నెత్తిన గుమ్మరించి కళ్లెం పట్టుకున్నాడు. ఆ గుర్రం నీళ్లు తాగుతుంటే కౌసల్యమ్మ చూడలేక మొహం తిప్పుకుంది.

గుట్ట ఎక్కారు. ఆయన లేడు. అవతలి వైపు వంపులు దిగుతున్నారు. ప్రతి వంపు దగ్గరా ఇక్కడ కనబడతాడు, ఇక్కడ కనబడతాడు అనుకుంటోంది. కనబడిన ప్రతిదీ బండరాయో మొద్దో అవుతోంది. అడవి ఆకు కదలడం లేదు. విఠలా, విఠలా అని మొదలుపెట్టిన జపం ఎక్కడో తప్పి, నీళ్లు, నీళ్లు అని నడుస్తోందని కాసేపటికి గానీ ఆమెకు తెలియలేదు.

నాలుగో వంపో అయిదో వంపో, సైకిలు కనబడింది. స్టాండు వేసి ఉంది. చక్రానికి తాళం కూడా వేసి ఉంది. మూట విప్పలేదు. మనిషి లేడు.

తాళం చూసి ఆమెకు ధైర్యం రావలసింది. ప్రాణం మీదికి వచ్చినా తాళం మరవని వ్యాపారి కదా. కానీ ఆ తాళమే ఆమెను హడలగొట్టింది. తాళం వేసి ఎక్కడికి నడిచాడు? వెనక ఎండాకాలం కూడా పడిపోయే ముందు ఎటో నడుచుకుంటూ పోయాడు, ఎవరు పిలిచినా పలకకుండా. పక్కన లోయ. కింద ముళ్లపొదలు, పాడుబడ్డ బావులు. ఆమె సడక్ అంచున నిలబడి పేరు పెట్టి పిలిచింది. పెళ్లయ్యాక మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపు లోయలోకి పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చింది.

మళ్లీ పిలిచింది. అప్పుడు కింద నుంచి గొర్రెల అరుపు వినబడింది, ఆ వెనకే మనిషి గొంతు. ఇటు రాండ్రి, ఇక్కడున్నడు అని.

ఏసుదాసు చెయ్యి పట్టుకుని ఎట్లా దిగిందో, చీర ఎన్నిచోట్ల చిరిగిందో ఆమెకు తెలియదు. కింద ఇప్పచెట్టు నీడలో గొంగడి పరిచి ఉంది. దాని మీద పాండురంగం. పక్కన గొర్రెల కాపరి, ముసలివాడు, తన తుండు తడిపి ఆయన నెత్తిన వేసి విసురుతున్నాడు. పేరు హన్మయ్య. బొంరాస్‌పేట నుంచి మంద తోలుకుని పచ్చిక వెతుక్కుంటూ వచ్చాడట. తూలుకుంటూ చెట్లలోకి నడిచి వస్తున్న మనిషిని చూసి పట్టుకుని పడుకోబెట్టాడు.

కౌసల్యమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. పెదవులు పగిలి తెల్లబడ్డాయి. అదే. వెనకటిదే. ఈసారి వస్తే నా చేతిలో ఉండదు.

"నీళ్లు పోయలేదా?" అంది.

"పోయకేమమ్మ. పెదవులకు ఆనిస్తే పండ్లు బిగబడుతుండు. ఏకాదశి ఏకాదశి అంటుండు. సావుకార్లు మా నీళ్లు తాగరేమో అనుకున్న గానీ, అది గాదు," అన్నాడు హన్మయ్య. అతని చేతిలో నీళ్ల సొరకాయ బుర్ర ఉంది, నిండుగా.

ఆమె భర్త తల ఒళ్లోకి తీసుకుంది. చెంపలు తట్టింది. కళ్లు తెరిచాడు, గుర్తుపట్టాడు. అదే పదివేలు. బుర్ర నోటి దగ్గర పెట్టి, ఒక్క గుక్క, ప్రాణం మీదికొస్తే దేవుడు తప్పు పట్టడు అని నచ్చజెప్పింది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఆమె పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది, తిట్టింది, గడ్డం పట్టుకుంది. పళ్లు విడలేదు. నీళ్లు చెంప మీదుగా కారి గొంగట్లో ఇంకిపోయాయి.

అప్పుడు ఆయన మాట పెగిలింది. గాలి కంటే సన్నగా ఉంది.

"నేమం తప్పితే నేను బతకను కౌసల్యా. నేమం పడ్తనని మొక్కినంకనే బతికిన. విఠలుడు ఇచ్చిన పానం. తప్పిన్ననుకో, మల్ల తీస్కుంటడు."

ఆమెకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ మొండితనం, మొండితనం అనుకుంది. ఆ దండీలు, ఆ గుంజీలు, బండ మీద పడక, ఉపవాసంతో సైకిలు, అన్నీ భయమే. తాను వాకిట్లో నిలబడి ఎంత భయపడిందో, సైకిలు మీద ఆయన అంతకు రెండింతలు భయపడుతూ తొక్కాడు. చావకుండా ఉండడానికే ఈ మనిషి ఇప్పుడు తన ఒళ్లో చచ్చిపోతున్నాడు.

కళ్లు మళ్లీ మూతపడుతున్నాయి. హన్మయ్య తుండు మార్చాడు. ఇంక జరసేపైతే కష్టమమ్మా అన్నాడు మెల్లగా.

కౌసల్యమ్మ బుర్ర వైపు చూసింది.  పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తప్పని ఏకాదశి. తల్లి చచ్చిపోయే రోజు కూడా తప్పని ఏకాదశి. ఇంటి నీళ్లు కాదు, మడి నీళ్లు కాదు. తప్పితే ఏమవుతుందో ఆమెకు నిజంగానే తెలియదు, తెలియనందుకే భయం. మెడలో తులసిమాల చెమటకు అంటుకుని గుచ్చుకుంటోంది. దాన్ని తీయలేదు. మాలతోనే బుర్ర ఎత్తింది.

"ఇటు చూడుండ్రి," అంది.

ఆయన కళ్లు తెరిచాడు. ఆయన చూస్తుండగా ఆమె గుటక వేసింది.  ఇంకో గుక్క తాగింది, ఆయనకు అనుమానం లేకుండా.

పాండురంగం మొహం వికారమైపోయింది. లేవబోయాడు, చేత కాలేదు. ఏం చేసినవే అన్నట్టు పెదవులు ఆడాయి.

"ఇద్దరిది ఒకటే నేమం గద. అది పోయింది. మీరు తప్పలే, నేను తప్పిన. తీస్కునేదుంటే నన్ను తీస్కుంటడు. ఇంక మీరు దేనికి దాచుకుంటున్నరు? తాగుండ్రి."

ఆయనకు ఏడుపు వచ్చింది, కన్నీళ్లు రాలేదు. ఒంట్లో నీళ్లుంటే కదా రావడానికి. ఆమె బుర్ర పెదవులకు ఆనించింది. పళ్లు విడ్డాయి.

ఒక్కసారే వద్దన్నాడు హన్మయ్య. గుక్క పోసి ఆగింది, మళ్లీ గుక్క పోసింది. ఏసుదాసు వాగు చెలిమ నుంచి తుండు తడిపి తెస్తూ ఎన్నిసార్లు తిరిగాడో. నీడలు ఇటు నుంచి అటు జరిగాయి. ఆ మధ్యలో ఒక్కసారి కూడా కౌసల్యమ్మ దేవుణ్ణి తలుచుకోలేదు, భయపడి తలుచుకోలేదు. భర్త నుదురు మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కూర్చోగా కూర్చోగా వేళ్లకు తడి తగిలింది. తుండు నీళ్లేమో అనుకుని తుడిచింది. మళ్లీ తడి. కణతల మీద, మెడ కింద, చంకల్లో. చెమట.

ఆమె గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. గొర్రెలు మేత మాని చూశాయి.

హన్మయ్య బుర్ర మళ్లీ నింపుకొచ్చి పెట్టి మందను మళ్లించడానికి పోయాడు. పాండురంగం చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నాడు. మాట కాస్త నిలదొక్కుకుంది. మొదట అడిగిన మాట పండరి సంగతి. ఇంక పోవద్దంటావా అన్నాడు. పోదురు గానీ, ఊరూరికీ ఆగి నీళ్లు తాగుతూ పోదురు, నేను రైల్లో ముందే పోయి గుడి ముందర నిలబడి ఉంటాను, తిట్టేదుంటే విఠలుడు నన్నే ముందు తిడతాడు అంది. 

"నీకేమన్నయితే?" అన్నాడు ఆయన.

ఆమె మెడలోని మాలను గుప్పిట్లో పట్టుకుంది.   పాండురంగం ఆమె ఎండిన పెదవులను చూశాడు. బుర్ర తీసి రెండు చేతులతో పట్టుకుని, తానే ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"తాగు. నిన్నటిసంది నీకు గూడ లేవు గద."

ఆ మాట అనేదాకా ఆమెకు తన దాహమే తెలియలేదు. ఇందాక తాగిన రెండు గుక్కలు ఆయన కోసం. కౌసల్యమ్మ కళ్లు మూసుకుని, భయపడుతూనే, బుర్ర ఖాళీ అయ్యేదాకా తాగింది.